నేను ఏడవని సీను

ఆ థాయి సీరియల్ బాగుంటుందా అని ఎవరైనా అడిగితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. బాగుంటుంది. అదే నా బాధ. బాగోలేకపోతే రెండు ఎపిసోడ్లు చూసి వదిలేసేదాన్ని. దాని మీద అన్నన్ని మాటలు మాట్లాడేదాన్ని కాదు. ఆ మాటలు నా స్నేహితురాలి నోట పడి, రంగు మార్చుకుని, ఇంకొకరి ఇంటికి చేరేవీ కావు.

మాది తమిళనాడులో, కృష్ణగిరి దగ్గర గురుబరపల్లి. నాన్న టమాటా వేస్తాడు, ఇంటి వెనక కొన్ని మామిడి చెట్లున్నాయి. నేను పాలిటెక్నిక్ చదివి హోసూరులో ఒక ఎలక్ట్రానిక్స్ కంపెనీలో చేరాను. లైన్లో వచ్చే బోర్డులను భూతద్దం కింద పెట్టి, అతుకు సరిగ్గా పడనివాటిని పక్కకు తీయడం నా పని. కంపెనీ బస్సు కృష్ణగిరిలో బయల్దేరి, హైవే పొడవునా ఊరూరా ఆడపిల్లలను ఎక్కించుకుంటూ, శూలగిరి మీదుగా హోసూరు చేరుతుంది. పొద్దున బస్సులో సగం మంది నిద్రపోతారు, మిగతా సగం ఫోన్లో తలదూరుస్తారు. సాయంత్రం బస్సులో మాత్రం అందరికీ నోళ్ళు లేస్తాయి.

ఆ స్నేహితురాలు కృష్ణగిరిలో ఎక్కేది. పనిచేసేది మా కంపెనీలోనే అయినా సెక్షన్ వేరు, అందుకని అంతకుముందు మాకు ముఖపరిచయం కూడా లేదు. ఎండాకాలం మొదట్లో ఒకరోజు నేను బస్సెక్కేసరికి, పక్క సీటు మీదున్న బ్యాగు తీసి ఒళ్ళో పెట్టుకుని, "ఈడ కూచో మే, ఈ పక్క ఎండ పడదు" అంది. కూర్చున్నాను. మర్నాడు కూడా ఆ సీటు నాకోసం ఆపి ఉంచింది. అలా అది నా సీటయింది.

మొదటి వారంలోనే మా ఇంటిపేరు అడిగింది. మా ప్రాంతంలో ఇద్దరు తెలుగువాళ్ళు కలిస్తే అది అడగడం వాడుకే. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, సంతలో కన్నడం మాట్లాడే జనం మేము. ఎవరు మనవాళ్ళు, ఎవరు ఏ వరస అవుతారు అన్నది ఇంటిపేరును బట్టే తేల్చుకుంటాం. ఒకే ఇంటిపేరైతే అన్నాచెల్లెళ్ళ వరస, పెళ్ళికి పనికిరారు. నేను మా ఇంటిపేరు చెప్పగానే "అట్లనా, మాది వేరే" అని నవ్వింది. ఆ నవ్వులో నాకు ఏమీ కనిపించలేదు. బోర్డు మీద వెంట్రుకంత పగులునైనా పట్టుకుంటానని సూపర్‌వైజర్ చేత మెప్పు పొందిన కళ్ళు నావి.

సీరియల్‌ను నాకు చూపించింది ఆమే. థాయివాళ్ళది, తమిళంలో డబ్బింగ్ చేశారు. ఇయర్‌ఫోను ఒక కొస ఆమె చెవిలో, ఇంకో కొస నా చెవిలో. పొద్దున ఒక ఎపిసోడు, సాయంత్రం దాని మీద పంచాయితీ. అదీ మా పద్ధతి.

కథ పెద్దదేమీ కాదు. బ్యాంకాక్‌లో నది ఒడ్డున ఒక హోటలు. హీరోయిన్ అందులో రిసెప్షన్‌లో ఉద్యోగి. హీరో ఆ హోటలు యజమానురాలి కొడుకు. అతను ఈ పిల్ల మీద మనసు పడ్డాడు. ఆ పిల్ల ఎలాంటిదో దగ్గరుండి చూసి రా, ఆ తర్వాత పెళ్ళి మాట ఎత్తు అంటుంది వాళ్ళమ్మ. దాంతో అతను యజమాని కొడుకునన్న సంగతి దాచి, హోటలు పడవ నడిపేవాడిగా చేరతాడు. డబ్బింగ్‌లో ఆ పడవవాడి చేత మద్రాసు ఆటోడ్రైవరు తమిళం మాట్లాడించారు. అతను నోరు తెరిచినప్పుడల్లా మేమిద్దరం ఒకరినొకరు పొడుచుకుని నవ్వుకునేవాళ్ళం.

నచ్చినవి ముందు చెప్పాలి. మన సీరియళ్ళలో లాగా ఒక్క మాట పడగానే గదిలో ఉన్న అందరి ముఖాలూ ఉరుములతో చూపించరు. వానొస్తే నిజంగా తడుస్తారు, తడిసినవాళ్ళు వికారంగా కనిపిస్తారు. ఆ పిల్లకు కోపం వస్తే పచ్చి బొప్పాయి రోట్లో వేసి దంచుతుంది. మా అమ్మ కూడా అలిగిన రోజు మాట్లాడదు, రోలే మాట్లాడుతుంది. వాళ్ళూ ఇంటి ముందు చిన్న గూడు కట్టి దేవతకు పూలు పెడతారు, పెద్దవాళ్ళు ఎదురైతే చేతులు జోడించి వంగుతారు. "వీళ్ళు మనోళ్ళే మే, కూరకి చింతపండు కూడా పిండుతారు చూడు" అనేది ఆమె. చూస్తూ చూస్తూ బ్యాంకాక్ నాకు మా పక్క ధర్మపురి అంత దగ్గరైపోయింది.

నచ్చనిది ఒక్కటే, అది హీరో ఆడే అబద్ధం. దాని మీద మా ఇద్దరికీ రోజూ గొడవే.

"పరీక్ష పెట్టేవానికి ప్రేమ ఎందుకు?" అనేదాన్ని నేను. "పడవలో కూచోని ఆ పిల్ల వాళ్ళ నాయన తాగుడు సంగతి, తనకి నిద్ర పట్టని సంగతి అన్నీ చెప్పుకుంటాది. ఆ పిల్ల స్నేహితునితో చెప్తా ఉండాది. వాడు వాళ్ళమ్మ కోసం వింటా ఉండాడు."

"యజమాని అని తెలిస్తే ఆ పిల్ల నోరు ఇప్పునా? ఉన్నది ఉన్నట్ల మాట్లాడునా?"

"ఇప్పకుంటే పోనీ. ఎవురితో ఏమి మాట్లాడాలనేది ఆ పిల్ల ఇష్టం కదా."

"నువ్వు శానా గట్టి మే" అని ఆమె కిటికీ వైపు తిరిగేది. వాదనలో ఓడిపోయి అలా తిరుగుతోందనుకుని నేను లోలోపల సంబరపడేదాన్ని.

ఇక ఆసుపత్రి సీను. హీరోయిన్‌ను అందరి ముందూ నానా మాటలూ అన్న ఆ హీరో తల్లికి ఒకరోజు ఇంట్లో గుండెపోటు వస్తుంది. సరిగ్గా ఆ రోజే ఈ పిల్లకు ఇంకో పెద్ద హోటల్లో మేనేజరు ఉద్యోగానికి ఇంటర్వ్యూ. ఆ పిల్ల ఇంటర్వ్యూ మాట మరిచి, పెద్దామెను వీపున వేసుకుని, వానలో పరిగెత్తి ఆసుపత్రికి చేరుస్తుంది. రాత్రంతా కాళ్ళు ఒత్తుతుంది. తెల్లారి పెద్దామె కళ్ళు తెరిచి, నిద్రపోతున్న ఆ పిల్లకు వినపడకుండా కోడలా అని పిలుస్తుంది. వెనక వయొలిన్లు వాయించిందే వాయింపు. మా ముందు సీటులోని పిల్ల వెనక్కి తిరిగి మా ఫోన్లో చూసి, దుపట్టాతో కళ్ళు తుడుచుకుంది. నాకు మాత్రం ముక్కు మీదికి కోపం వచ్చింది, సాయంత్రం పంచాయితీ దాకా ఆగలేకపోయాను.

"ఆ ఊర్లో అంబులెన్సు లేదా? కొడుకు యాడ పోయినాడు?" అన్నాను. "నేనైతే ఆటో పిలిచి, ఎక్కించి, డ్రైవరుకి ఆస్పత్రి పేరు చెప్పి, పక్కింటామెని తోడు పంపించి, ఇంటర్వ్యూకి పోతాను. సాయంకాలం పండ్లు తీసుకోని పోయి చూస్తాను. అత్తని చూసుకునేది తప్పు కాదు మే. పని పోగొట్టుకుంటేనే మంచి కోడలు అనేది తప్పు."

ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. "ఏ పండ్లు తీసుకోని పోతావు?"

"యాపిలు."

"ఇంటి వెనక మామిడి చెట్లు పెట్టుకోని యాపిలా!"

శూలగిరి దాటి హోసూరు వచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాం. ఆ పిల్ల ఆ పడవవాడితో పెళ్ళి కోసం హోటలు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చిన ఎపిసోడు చూసిన రోజు కూడా అంతే. నేనైతే పెళ్ళయినా పని మానను, మానమనేవాణ్ణే మానేస్తాను అన్నాను. ఆమె నవ్వి, నా భుజం మీద తల పెట్టి, ఆ మాట ఇంకోసారి చెప్పమంది.

చెప్పుకుంటే ఇది చిన్న సంగతిలాగే ఉంటుంది. నాకు చిన్నది కాదు. ఇంట్లో మాట్లాడే ముందు నాన్న ముఖం చూడాలి. కంపెనీలో సూపర్‌వైజర్ ముఖం చూడాలి. ఆమె దగ్గర మాత్రం నోటికొచ్చింది అనేదాన్ని. నేను ఎలాంటిదాన్నో తెలిసిన మనిషి ఈ లోకంలో ఒక్కతి ఉందని, ఆ ఒక్కతి నా పక్క సీట్లోనే ఉందని నమ్మాను. పొద్దున్నే లేవాలంటే ఎంత బద్ధకమైనా ఆ బస్సు కోసం లేచేదాన్ని.

దసరా పోయాక మాకు పెద్దమ్మ వరసయ్యే ఒకామె సంబంధం తెచ్చింది. కృష్ణగిరి అవతల కల్లావి వాళ్ళట, పొలమూ పశువులూ ఉన్నాయట, అబ్బాయి హోసూరులో పని చేస్తాడట, ఆదివారం పిల్లను చూడటానికి వస్తారట. మర్నాడు బస్సెక్కగానే ఆమెకే చెప్పాను. భయమేస్తోందని కూడా చెప్పాను.

"చూసి పోతారు, అంతే కదా. పచ్చ చీర కట్టుకో, నీకి బాగుంటాది" అంది ఆమె. శనివారం బస్సు దిగేటప్పుడు నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. ధైర్యం చెబుతోందనుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం వాళ్ళు వ్యానులో వచ్చారు. నడిమింట్లో జంకానా పరిచాం. మగవాళ్ళు గోడవారగా ఒకవైపు, ఆడవాళ్ళు ఇంకోవైపు కూర్చున్నారు. నేను పచ్చ చీర కట్టుకుని, తల వంచుకుని, కాఫీ గ్లాసుల తట్ట పట్టుకుని వచ్చాను. మగవాళ్ళకు ఇచ్చి ఆడవాళ్ళ వైపు తిరిగాను. వరసలో చివర, పట్టుచీరలో, తలనిండా మల్లెపూలతో, ఆమె కూర్చుని ఉంది.

కాఫీ ఒలకలేదు, అంతవరకు మేలు.

"మా పాప నీకి తెలిసే కదా అమ్మా. మీరిద్దురూ ఒగటే బస్సు" అంది అబ్బాయి తల్లి. అందరూ నవ్వారు. మా అమ్మ ముఖం దీపం పెట్టినట్టు వెలిగింది. తెలిసినవాళ్ళే కదా అని ఆవిడ సంతోషం.

నిలబడిన చోటే నాకు ఒక్కొక్కటీ అర్థమయ్యాయి. మావాళ్ళలో సంబంధం కలుపుకునే ముందు విచారించడం ఉంది. ఊళ్ళో అంగడివాణ్ణి అడుగుతారు, నీళ్ళ కొళాయి దగ్గర ఆడవాళ్ళను అడుగుతారు, పిల్ల నోరు ఎలాంటిది, కోపం ఎంత, పెద్దవాళ్ళ మీద గౌరవం ఉందా అని. నేను పొద్దున పోయి సాయంత్రం వచ్చే పిల్లను, కొళాయి దగ్గర దొరకను. అందుకని నన్ను బస్సులో విచారించారు. వేసవి నుంచీ రోజుకు రెండు పూటలా, పక్కనే కూర్చోబెట్టుకుని మరీ విచారించారు. ఇంటిపేరు అడిగింది అందుకు. వాళ్ళింటి పిల్లి సంగతి కూడా నాకు చెప్పిన మనిషి, సొంత ఊరు కల్లావి అన్న సంగతి గానీ, తనకు పెళ్ళికాని అన్న ఉన్నాడన్న మాట గానీ ఒక్కసారైనా ఎత్తనిది అందుకు.

అంతవరకే అయితే ఓర్చుకునేదాన్నేమో. మావాళ్ళూ వాళ్ళ గురించి ఎవరినో అడిగే ఉంటారు. కానీ ఆ తల్లి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నా చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

"మా పాప అంతా చెప్పింది. ఆ సీరియల్లో అత్తని ఎత్తుకోని ఆస్పత్రికి పోయేది చూసి నువ్వు శానా ఏడిస్తివంట. మా అత్తయినా నేను ఇట్లే చూసుకుంటాను అంటివంట. అది విన్నప్పుడే నేను మా ఇంటాయనతో చెప్పినాను, ఈ పిల్లే మనింటికి రావాలని."

చెయ్యి వెనక్కి తీసుకోబోయాను, ఆవిడ వదల్లేదు.

"పెండ్లయినాక పని కూడా వద్దంటివంట. ఆ పిల్ల హోటలు పని విడిచినప్పుడు అదే సరి అంటివంట. మంచిదమ్మా. ఇంటికాడ పశువులుండాయి, ఆడ పనికేమి తక్కువ లేదు."

ఆమె వైపు చూశాను. కొంగు అంచు మడుస్తూ కూర్చుంది. ఒక్కసారి తలెత్తి, ఊరుకో మే అని కళ్ళతోనే బతిమాలింది. బస్సులో నేను అన్న ప్రతి మాటనూ ఆమె తిరగేసి ఇంటికి మోసుకుపోయింది. నా ముఖం పెట్టి, నా పచ్చ చీర కట్టి, వాళ్ళమ్మకు నచ్చే పిల్లనొకదాన్ని తయారుచేసింది. వాళ్ళు అంతదూరం వ్యాను కట్టించుకుని వచ్చింది ఆ పిల్ల కోసం. నేను ఆ పిల్లకు కాఫీ మోసేదాన్ని అంతే. నాకు జీవితంలో అంత అవమానం ఎప్పుడూ కలగలేదు, అంత ఒంటరితనమూ కలగలేదు.

"అమ్మా, నేను ఏడవలేదు" అన్నాను.

"ఏమి పాపా?"

"ఆ సీను చూసి నేను ఏడవలేదు. నాకి కోపం వచ్చింది. ఆ పిల్ల ఆటో పిలిచి ఇంటర్వ్యూకి పోవాల్సింది అన్నాను. పని విడిచింది తప్పు అన్నాను. మీకి ఒళ్ళు బాగలేకుంటే నేను చూసుకుంటాను, దానికి కాదనను. పని మాత్రం విడవను. ఇదే నేను బస్సులో చెప్పినాను. వేరేది చెప్పలేదు."

నాన్న గొంతు సవరించుకున్నాడు. అమ్మ "పాపా!" అంది. పెద్దమ్మ "పిల్లకి తమాషా ఎక్కువ" అని సర్దబోయింది. ఎవరూ నవ్వలేదు. ఆ తల్లి నా చెయ్యి మెల్లగా వదిలి, కూతురి వైపు తిరిగింది. "ఏమే, నువ్వు అట్ల చెప్పలేదే?" అంది. ఆమె ముఖం చీరకొంగులో దాచుకుంది. ఆ పెద్దావిడ మీద నాకు అప్పుడూ కోపం లేదు, ఇప్పుడూ లేదు. ఆమెకూ అందింది అబద్ధమే. మర్యాదగా కాఫీ తాగి, ఇంటికి పోయి కబురు చేస్తాం అని లేచారు. ఆ కబురు రాలేదు.

"సీరియలు మాటకి సంబంధం చెరుపుకుంటారా ఎవురన్నా?" అని అమ్మ వారమంతా రోలుతో మాట్లాడింది. ఒకరోజు మాత్రం నాతో మాట్లాడింది. "ఆ పిల్ల నీ మీద ఆశతోనే కదా అట్ల చెప్పింది" అంది. నిజమే. నా దుఃఖమంతా అక్కడే ఉంది. నేనంటే గిట్టని మనిషి ఆ పని చేసి ఉంటే తిట్టుకుని మరిచిపోయేదాన్ని.

ఆ తర్వాత నేను బస్సులో డ్రైవరు వెనక సీట్లో కూర్చోవడం మొదలుపెట్టాను. మిగిలిన ఎపిసోడ్లు నా ఫోన్లో ఒంటరిగా చూశాను. హీరో తన అబద్ధం బయటపడ్డాక వానలో నిలబడి క్షమించమంటాడు. ఆ పిల్ల ఒకటిన్నర ఎపిసోడు అలిగి, తర్వాత ఏడ్చి, గొడుగు తీసుకుని వెళ్ళి అతన్ని లోపలికి తెచ్చుకుంటుంది. పెళ్ళి, పూలు, శుభం. ఆ కథ రాసినవాళ్ళు ఆ పిల్లకు అన్యాయం చేశారని నా అభిప్రాయం. క్షమించడం ఆమె ఇష్టం, దాన్ని నేను తప్పుపట్టను. కానీ క్షమించే ముందు ఒక్క ప్రశ్న ఆమె చేత అడిగించాల్సింది. పడవలో నేను నీతో చెప్పుకున్నవన్నీ మీ అమ్మకు ఏమని చెప్పావు? అన్ని ఎపిసోడ్లు తీసినవాళ్ళకు ఆ ఒక్క ముక్క తోచలేదు. నాలాంటివాళ్ళను అంతదూరం నమ్మించి తీసుకొచ్చి, చివరికి ఒక గొడుగుతో సరిపెట్టారు.

ఒక సాయంత్రం షిఫ్టు అయ్యాక, బస్సు ఇంకా కదలకముందు, ఆమె వచ్చి నా పక్కన కూర్చుంది. నేను లేచిపోలేదు.

"నీ గురించి చెడ్డగా ఒక మాటన్నా చెప్పలేదు కదా మే నేను" అంది.

"నేను చెప్పినవి చెప్పుంటే చాలు."

"చెప్పుంటే మా అమ్మ వచ్చునా? నువ్వు మా ఇంటికి రావాలని ఆశపడినాను. మా అన్న కోసరం కూడా కాదు. నాకోసరం."

"నువ్వు రమ్మనింది నన్ను కాదు."

"నిన్నే. వచ్చినాక నువ్వు నీ మాదిరి ఉందువులే అనుకున్నాను. అమ్మ ముందర ఒక రకం, నా దగ్గర ఒక రకం. ఇన్నేండ్లూ నేను ఆ ఇంట్లో అట్లనే కదా ఉండాను."

ఆమె మీద జాలి కలిగింది. జాలి కలిగినంత మాత్రాన కోపం పోలేదు, రెండూ పక్కపక్కనే కూర్చున్నాయి. బస్సు నిండింది. డ్రైవరు హారను కొట్టాడు. ఆమె తన సీటుకు పోవడానికి లేచి, మళ్ళీ ఆగింది.

"ఒగటి అడుగుతాను, నిజం చెప్పు. మా అన్న నీకి నచ్చలేదా?"

ఆలోచించాను. ఆ రోజు మా నడిమింటిని, జంకానాను, గోడవారగా కూర్చున్న మగవాళ్ళను మళ్ళీ తలుచుకున్నాను. ఎంత తలుచుకున్నా అతని ముఖం రాలేదు. అతను ఎడమవైపు కూర్చున్నాడో కుడివైపు కూర్చున్నాడో కూడా తెలియలేదు.

"తెలీదు మే" అన్నాను. "నేను చూడలేదు. ఆ పూటంతా నేను నిన్నే చూస్తా ఉండినాను."